నది వైపు వరసలో మూడో సమాధి

2024 నవంబరు 12, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఫోను మోగింది. టొరాంటో పక్క స్కార్‌బరోలో నేనుండే పదకొండో అంతస్తు ఫ్లాటుకు పగటిపూట వచ్చే ఫోన్లు రెండు రకాలు. డాక్టరు ఆఫీసు నుంచి అపాయింట్‌మెంట్ గుర్తుచేసేవి కొన్ని, నా బ్యాంకు ఖాతా ఆగిపోయిందని భయపెట్టే దొంగఫోన్లు కొన్ని. ఇది ఆ రెండూ కాదు. ఒక ఆడగొంతు మలయ్ భాషలో, ఎంతో మర్యాదగా అడిగింది.

"మాచిక్, మీరు కొబ్బరి ఎస్టేటు కిరాణీ గారి అమ్మాయేనా?"

మాచిక్ అంటే ఆంటీ లాంటి పిలుపు. కిరాణీ అంటే అక్కడ గుమాస్తా. మా నాన్నను ఎవరైనా ఆ మాటతో తలచుకోగా విని యాభై ఏళ్లు దాటింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నా నంబరు మీకు ఎవరిచ్చారు?" అన్నాను ముందు.

"మలేషియా సరుకుల కొట్టామె ఇచ్చింది, మాచిక్. మీ నాన్నగారు ఆ ఎస్టేటులో కిరాణీ అని ఆమెతో ఎప్పుడో అన్నారట. వంటకి పాండన్ ఆకులు వస్తే చెప్పమని మీరు నంబరు ఇచ్చారట కదా. ఆకులింకా రాలేదట. నేనొచ్చాను."

అలా పరిచయమైంది. ఆమె వయసు నలభై ఆరు, మార్కమ్‌లో ఒక కంప్యూటర్ కంపెనీలో పని. మా నాన్న చెల్లెలికి ఆమె స్వయానా కూతురి కూతురు. ఆ చెల్లెలు 1941లో, ఇరవయ్యో ఏట, మతం మార్చుకుని నది ఒడ్డు మసీదు వాళ్లింటికి కోడలిగా వెళ్లిపోయింది. మనవరాలు నాకు వరసకు మేనకోడలు. తెలుగు వచ్చి ఉంటే నన్ను అత్తా అనాలి. మేము మాట్లాడుకున్నదంతా మలయ్‌లోనూ ఇంగ్లీషులోనూ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

అప్పటికి నాకు ఎనభై ఏళ్ల ఏడు నెలలు. పుట్టింది మలేషియాలో, కెనడా వచ్చింది 1971లో. నా భర్త 2011లో పోయారు. పిల్లలు లేరు. తమ్ముడు 2019లో పోయాక నా రక్తసంబంధం ఈ దేశంలో ఎవరూ లేరనే లెక్కతోనే ఐదేళ్లు ఉన్నాను. మార్కమ్ ఇక్కడికి రెండు బస్సుల దూరం. ఆమె అక్కడికి వచ్చి పద్నాలుగేళ్లయిందట.

ఆమె ఫోను చేసింది మసీదు కోసం.

ఆ మసీదు పెరాక్ రాష్ట్రంలో, నది మలుపు దగ్గర ఉంది. గుమ్మటం లేదు. టోపీ మీద టోపీ పెట్టినట్టు రెండు అంచెల కప్పు, నేల నుంచి నాలుగడుగుల ఎత్తున చెక్క అరుగు, లోపల నాలుగు పెద్ద స్తంభాలు. సుమత్రా నుంచి పడవల్లో వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల బావమరుదులు ఇద్దరు కలిసి కట్టారని చెప్పుకునేవారు. ఏ సంవత్సరమో రాసిన కాగితం నేను చూడలేదు కాబట్టి ఇక్కడ వేయను. నలుగురూ తలొక స్తంభానికి కలప తెచ్చారు. తర్వాత వాళ్ల సంతతి నాలుగు కుటుంబాలైంది. మొదటి స్తంభం వాళ్లు ఇమాములు. రెండో స్తంభం వాళ్లు బిలాళ్లు, అంటే అజాన్ పిలిచేవాళ్లు. మూడో స్తంభం వాళ్లకు డోలు, బావి అప్పగింత. నాలుగో స్తంభం వాళ్లు సమాధులు తవ్వేవారు. పెళ్లిళ్లు ఆ నాలుగిళ్ల మధ్యే జరిగేవి. ఫలానా ఆయన నీకేమవుతాడని అడిగితే ఆ ఊరివాళ్లు వరస చెప్పకుండా స్తంభం వైపు వేలు చూపించేవారు.

మా మేనత్త రెండో స్తంభం ఇంటికి వెళ్లింది. ఆ నాలుగిళ్లలోకి బయటి నుంచి వచ్చిన మొదటి కోడలు ఆమే. భర్త తర్వాత్తర్వాత బిలాల్ అయ్యాడు. చాలామంది బిడ్డలు పురిట్లోనే పోయి, చివరికి 1952లో పుట్టిన ఒక ఆడపిల్ల మిగిలింది. మేనత్త 1955లో, ఆమె భర్త ఆ మరుసటి ఏడాది పోయారు. పిల్లను ఇపో పట్నంలో ఉన్న బంధువులు పెంచారు. ఆ పిల్లే మనవరాలి తల్లి. ఆమె కూడా ఇప్పుడు లేదు.

"నది గట్టును తినేస్తోంది, మాచిక్. నది వైపు వరసలో పన్నెండు సమాధులు ఉన్నాయి. జనవరిలో వాటిని తవ్వి పైకి మారుస్తారట. ఫలానా సమాధి మావాళ్లదని ఎవరైనా రాతపూర్వకంగా చెబితే ఆ మనిషిని వాళ్ల కుటుంబం పక్కన పెడతారు. ఎవరూ చెప్పనివాళ్లను అందరినీ కలిపి ఒకే గుంటలో పెడతారు. గడువు డిసెంబరు 31."

"మీ అమ్మమ్మ సమాధి ఆ వరసలో ఉందా?"

"ఉంది. ఏదో తెలీదు. తాతయ్య పైన, మసీదు గోడ పక్కన ఉన్నారు. ఆయన పక్కన ఇంకొకరికి చోటుంది. అమ్మమ్మను అక్కడికి చేర్చాలని అమ్మ చాలా అనుకునేది. అమ్మ వల్ల కాలేదు."

మలయ్ సమాధుల మీద ఆ రోజుల్లో పేరు ఉండేది కాదు. తలవైపొక రాయి, కాళ్లవైపొక రాయి. మగవాళ్లకు గుండ్రటిది, ఆడవాళ్లకు పలకలా ఉండేది. అంతకంటే రాయి ఏమీ చెప్పదు.

మేనత్త గురించి నాకు తెలిసింది కొద్దిగానే. ఆమె వెళ్లిపోయాక మా నాన్న పద్నాలుగేళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఎస్టేటు ఆఫీసుకీ మసీదుకీ మధ్య ఒక కంచె, కంచె పక్కన కొబ్బరి ఎండబెట్టే షెడ్డు. ఉపవాస నెలలో మసీదు ఆవరణలో పెద్ద డేగిసాల్లో జావ కాచేవారు. బియ్యం, కొబ్బరిపాలు, మిరియాలు, ఇంకా ఏవో ఆకులు వేసేవారు. ఏటా ఒకరోజు మేనత్త మా ఇంటికని ఒక క్యారేజీ నింపి కంచె దగ్గర నిలబడేది. ఆరో ఏట నుంచి దాన్ని తెచ్చే పని నాది. ఆ జావ నేనూ అమ్మా తమ్ముడూ తాగేవాళ్లం. నాన్న ముట్టలేదు. వద్దనీ అనలేదు. ఇచ్చినవాళ్ల గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు కాబట్టి మర్నాడు అమ్మ మా పెరటి గోంగూర పచ్చడి పెట్టి క్యారేజీ నాకు ఇచ్చేది.

తెల్లటి ముసుగులో మేనత్త ముఖం చిన్నదిగా కనిపించేది. క్యారేజీ అందుకుని తెలుగులో, "మీ నాన్న తాగాడా?" అని అడిగేది.

"లేదు," అనేదాన్ని.

1950 నుంచి 1955 దాకా ఆరు ఉపవాస నెలలు. ఆరుసార్లు అడిగింది, ఆరుసార్లూ లేదనే చెప్పాను. అబద్ధం ఆడటం నాకు అప్పుడు కూడా రాదు.

1955 జూన్‌లో నది పొంగి తీసింది, ఆ తర్వాత జ్వరాలు వచ్చాయి. మసీదు నుంచి ఒక మనిషి వచ్చి మేనత్త పోయిందని గుమ్మంలో నిలబడి చెప్పాడు. నాన్న అతణ్ని అడిగిన మాట ఒక్కటే, ఎన్ని గంటలకు అని. మర్నాడు మధ్యాహ్నం ఒక్కడే వెళ్లి ఖననం చూసి వచ్చాడు. బావి దగ్గర స్నానం చేశాడు. మూడు రోజులు ఆఫీసుకు వెళ్లలేదు. మతం మారిన చెల్లెలికి మైల ఉంటుందా అని అమ్మ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎక్కడ పూడ్చారో కూడా చెప్పలేదు.

కానీ రాశాడు. నాన్న నోటుపుస్తకాలు తొమ్మిది, బిస్కెట్ల డబ్బాలో నాతోపాటు స్కార్‌బరో దాకా వచ్చాయి. నాలుగో పుస్తకంలో ఉంది: "1955 జూన్ 16, గురువారం, రా. 7.20. చెల్లెలు పోయింది." ఇంతే. పైన వాన కొలత, కింద ఆ రోజు ఎండబెట్టిన కొబ్బరి బస్తాల లెక్క.

ఆ పుస్తకం సంగతి మనవరాలికి చెప్పాను. "ఆ పేజీ ఫోటో పంపుతారా, మాచిక్? చదవలేను, ఊరికే చూస్తాను," అంది.

నవంబరు 20న ఆమె నాకు మసీదు రిజిస్టరు ఫోటోలు పంపింది. అసలు అరబిక్ లిపిలో రాసి ఉంది. పక్కనే మసీదు కమిటీ వాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎత్తిరాశారు. ఆ జూన్‌లో చనిపోయినవాళ్లు తొమ్మిదిమంది. తేదీ ఉన్న అంచును చెదలు తినేశాయి. నెల ఉంది, వారం ఉంది, పేరు ఉంది, ఏ వరసలో ఎన్నో సమాధి అన్నది ఉంది.

చిక్కు పేరు దగ్గర వచ్చింది. కొత్తగా మతంలోకి వచ్చినవాళ్లకు అసలు తండ్రి పేరు రాయరు, అందరికీ ఒకటే తండ్రి పేరు రాస్తారు. దానికి తోడు అప్పటి ముసలి ఇమాము అలా వచ్చిన ఆడవాళ్లందరికీ ఒకటే పేరు పెట్టేవాడట. ఆ నెలలో ఆ పేరుతో, ఆ తండ్రి పేరుతో ఇద్దరున్నారు. ఒకామె శుక్రవారం పోయింది, నది వైపు వరసలో మూడో సమాధి. ఇంకొకామె గురువారం పోయింది, అదే వరసలో ఏడో సమాధి. ఆ రెండో ఆవిడ ఎవరో, ఏ ఊరిదో, ఎవరి భార్యో కమిటీలో ఎవరికీ తెలియదు.

నేను స్కూలు బోర్డు ఆఫీసులో హాజరు రికార్డులు చూసే ఉద్యోగం ఇరవై ఆరేళ్లు చేశాను. పిల్లవాడు ఏ తేదీన రాలేదో రాయమంటే తల్లులు తప్పు రాస్తారు. సోమవారమా మంగళవారమా అంటే తప్పు చెప్పరు. తేదీకీ వారానికీ పొత్తు కుదరనప్పుడు నేను ఎప్పుడూ వారాన్నే నమ్మాను. ఆ పద్ధతి మీద ఇరవై ఆరేళ్లలో నాకు ఒక్క ఫిర్యాదు రాలేదు.

డిసెంబరు 8, ఆదివారం, ఆమె ఫోను చేసినప్పుడు చెప్పాను. మీ అమ్మమ్మది ఏడో సమాధి అని.

"కానీ మా అమ్మ ఎప్పుడూ శుక్రవారం అనేది, మాచిక్. శుక్రవారం పోవడం పుణ్యం అంటారు మాలో. అమ్మ అది గొప్పగా చెప్పుకునేది."

"అప్పటికి మీ అమ్మకు ఎన్నేళ్లు?"

"మూడు."

"మూడేళ్ల పిల్లకు వారాలు తెలుస్తాయా?"

"పెంచినవాళ్లు చెప్పి ఉంటారు."

"ఎవరో చెబితే విన్నది వేరు. మా నాన్న ఆ పూటే గంటా నిమిషం అడిగి రాసుకున్నది వేరు."

అవతలి నుంచి పొయ్యి మీద ఏదో వేగుతున్న చప్పుడు వినిపించింది. ఆమె, "సరే మాచిక్. మీ దగ్గర కాగితం ఉంది. మా దగ్గర మాటే ఉంది," అంది.

మర్నాడు, డిసెంబరు 9, సోమవారం, కమిటీకి ఉత్తరం రాసి సంతకం చేశాను. నాన్న పుస్తకంలోని పేజీ నకలు జతచేసి, లైబ్రరీకి వెళ్లి స్కాన్ చేయించి పంపాను. కమిటీ వాళ్లు మసీదు వంశవృక్షం కూడా తయారుచేస్తున్నారు. నాలుగు స్తంభాల కుటుంబాలను చెక్కబోర్డు మీద రాసి వరండాలో పెడతారట. అందులో రెండో స్తంభం కింద మా మేనత్త పేరు పక్కన "తెలుగు, ఎస్టేటు కిరాణీ చెల్లెలు" అని రాయమని కోరాను. రాస్తామన్నారు.

మా బిల్డింగులో ఏడో అంతస్తులో ఏలూరు నుంచి వచ్చిన ఒకావిడ ఉంటుంది. నర్సుగా రిటైరైంది, అరవై ఎనిమిదేళ్లు, ఆదివారం చర్చికి వెళుతుంది, మిగతా రోజులు నాతో మాల్‌లో నడుస్తుంది. ఆవిడకు ఇదంతా చెప్పాను.

"ఏవండీ అక్కగారూ, ఆ అమ్మాయి వాళ్లమ్మ మాట కూడా కాస్త వినొచ్చు కదండీ," అంది.

"విన్నాను. సాక్ష్యం చాలలేదు."

"మీరు ఆఫీసులో ఎంతమంది తల్లుల్ని ఏడిపించారో గానీ," అని నవ్వింది.

డిసెంబరు 15 నుంచి మనవరాలు ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోను చేయడం మొదలుపెట్టింది. నేను మూడున్నరకే కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఏమంత మాట్లాడుకునేవాళ్లం కాదు. మంచు ఎన్ని అంగుళాలు పడింది, వాళ్ల పిల్లలు మలయ్‌లో అడిగితే ఇంగ్లీషులో ఎలా జవాబిస్తారు, గోంగూర ఇక్కడ ఏ కొట్లో దొరుకుతుంది, ఇలాంటివే. ఒకసారి అమ్మమ్మ ఎలా ఉండేది అని అడిగింది. ఎడమచేతి వాటం అని చెప్పాను. ఆమె గట్టిగా పిల్లల్ని పిలిచి, "విన్నారా, నాది అక్కడి నుంచి వచ్చింది," అంది. ఆ ఒక్క ముక్కకు వాళ్లింట్లో నవ్వులు నాకు ఇక్కడికి వినిపించాయి. ఫోను పెట్టాక ఫ్లాటులో ఫ్రిజ్ చప్పుడు ఎప్పటికంటే పెద్దగా ఉండేది.

జనవరి 18, శనివారం, ఉదయం తొమ్మిదింటికి సమాధులు మార్చారు. ఇక్కడ అప్పుడు శుక్రవారం రాత్రి ఎనిమిది. ఆమె పంపిన వీడియో మూడుసార్లు చూశాను. పన్నెండు సమాధుల్లో కుటుంబాలు గుర్తుపట్టినవి ఐదు. ఆ ఐదుగురినీ తెల్లటి గుడ్డల్లో విడివిడిగా పైకి తీసుకెళ్లారు. ఏడో సమాధి నుంచి తీసిన చిన్న మూటను బిలాల్ పక్కన దించి, పలక రాళ్లు రెండూ నాటి, పన్నీరు చల్లారు. మిగతా ఏడుగురినీ ఒకే గుంటలో పెట్టారు. మూడో సమాధి ఆవిడ ఆ ఏడుగురిలో ఒకరు. గుంట మీద ఒకటే రాయి పెట్టారు.

"అమ్మ చూసి ఉంటే బాగుండేది, మాచిక్," అంది మనవరాలు. "మీరు లేకపోతే ఇది జరిగేది కాదు."

ఆ మాట చాలాకాలం తర్వాత విన్నాను, నావల్ల ఒక పని జరిగిందని.

ఉపవాస నెల మార్చిలో వచ్చింది. మార్చి 13, గురువారం, ఇఫ్తారుకు రమ్మంది. కారులో వచ్చి తీసుకెళ్తానంటే వద్దన్నాను. రెండు బస్సులు మారి, గంటా ఇరవై అయిదు నిమిషాలకు మార్కమ్ చేరాను. వాళ్లింట్లో ఆమె, భర్త, ఇద్దరు ఆడపిల్లలు. ఆమెను అప్పుడే మొదటిసారి ఎదురుగా చూశాను. గిన్నె ఎడమచేత్తో అందించింది, వెంటనే నాలుక కరుచుకుని కుడిచేతికి మార్చుకుంది.

పొద్దు ఏడూ పంతొమ్మిదికి వాలింది. ఫోనులో అజాన్ వినిపించింది. ఖర్జూరం తిన్నారు, నీళ్లు తాగారు, జావ పోసుకున్నారు. నమాజు అయ్యాక ఆమె హాల్లో చాప పరిచి, ఒక చిన్న పుస్తకాల కట్ట తెచ్చింది.

"మీరు కుర్చీలో కూర్చోండి, మాచిక్. అమ్మమ్మ కోసం ఒక పావుగంట చదువుతాం. శుక్రవారం వచ్చింది కదా, అందుకే మిమ్మల్ని ఇవాళ రమ్మన్నాను."

"శుక్రవారం రేపు కదా?"

"మీకు రేపు. మాకు పొద్దు వాలగానే వచ్చేసింది. గురువారం అయిపోయింది."

"ఎప్పటి నుంచి?"

"ఎప్పటి నుంచి ఏమిటి, మాచిక్? ఎప్పుడూ అంతే. రోజు మొదలయ్యేది సాయంత్రం."

నా చేతిలో జావ చెంచా ఉంది. "మసీదు రిజిస్టరులో కూడానా?" అని అడిగాను.

"అందులో వేరేగా ఎందుకు రాస్తారు?" అని పిల్లలకు పుస్తకాలు పంచుతూ అంది.

నేను కుర్చీలో కూర్చున్నాను. వాళ్లు నలుగురూ చదివారు. పెరాక్‌లో జూన్‌లో, అప్పటి గడియారం ప్రకారం, పొద్దు ఏడులోపే వాలిపోతుంది. మేనత్త పోయింది ఏడూ ఇరవైకి. మా నాన్నకు మర్నాటి సూర్యోదయం దాకా గురువారమే. కంచె అవతల రిజిస్టరు రాసేవాళ్లకు అప్పటికే శుక్రవారం వచ్చి ఇరవై నిమిషాలు దాటింది. ఇద్దరూ సరిగ్గానే రాశారు. పదకొండేళ్లు ఆ కంచె పక్కన పెరిగాను. పొద్దువాలగానే డోలు మోగడం రోజూ విన్నాను. అది ఒక రోజు ముగింపు అనుకున్నాను గానీ ఇంకో రోజు మొదలని ఎవరినీ అడగలేదు.

ఆ సాయంత్రం ఏమీ చెప్పలేదు. ఆమె కారులో దింపింది. దారంతా ఆమే మాట్లాడింది.

శుక్రవారం, శనివారం తప్పించుకునే దారి ఏదైనా ఉందేమోనని వెతికాను. గురువారం అని రాసిన ఆవిడ పోయింది బుధవారం సాయంత్రానికీ గురువారం సాయంత్రానికీ మధ్య. అది మా మేనత్త కావడానికి వీల్లేదు. రిజిస్టరులో రెండు పంక్తుల్లో చేతిరాత ఒకరిదే. నాన్న పుస్తకంలో 7.20 అన్న అంకెలు స్పష్టంగా ఉన్నాయి. ఎటు నుంచి చూసినా మూడో సమాధే వచ్చింది. వాళ్లమ్మ చెప్పిందే నిజం.

ఏడో అంతస్తు ఆవిడకు శనివారం మాల్‌లో చెప్పాను. ఆవిడ బెంచీ మీద కూర్చుండిపోయింది.

"ఇది ఇంకెవరికి తెలుసండీ?"

"ఎవరికీ తెలీదు."

"అయితే చెప్పకండి. పోయినవాళ్లకి తెలీదు, బతికున్నావిడకి నొప్పి. దేనికండీ?"

"రాసింది తప్పు. సంతకం నాది."

"సంతకం సంగతి వదిలేయండి అక్కగారూ. మీకు ఆ పిల్ల కావాలి. శనివారం వస్తే ఇదే బెంచీ మీద కూర్చుని రేపు నాలుగింటికి ఫోను అంటూనే ఉంటారు, నేను వినట్లేదా? నోరు మూసుకుని ఊరుకోండి ఈ ఒక్కసారికి."

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. రాత్రి పడుకునేముందు ఆ లెక్క కూడా వేసుకున్నాను. చెబితే ఏమి పోతుందో తెలుసు. చెప్పకపోతే, ప్రతి గురువారం సాయంత్రం ఆ పిల్లలు చాప మీద కూర్చుని తమ ముత్తవ్వ భర్త పక్కన ఉందనుకుంటూ చదువుతారు. ఆమె ఆరుగురు పరాయివాళ్ల ఎముకల్లో కలిసిపోయి ఉంటుంది. అలా అని తెలిసి నేను ఎదురుగా కుర్చీలో కూర్చోవాలి.

మార్చి 16, ఆదివారం, నాలుగింటికి ఫోను మోగింది. ఆమె పలకరించగానే చెప్పేశాను. గంటలతో సహా, ఏదీ వదలకుండా చెప్పాను. నాలుగు నిమిషాలు పట్టింది. 

చివరికి ఆమె అంది, "అమ్మ శుక్రవారమని చెప్పింది కదా, మాచిక్."

"చెప్పింది."

"నేను మీకు చెప్పాను కదా."

"చెప్పావు. నేను వినలేదు."

"మీ తప్పు కాదులెండి," అంది, కానీ అది మర్యాదకు అన్న మాట. మలయ్ వాళ్లు మర్యాద ఎక్కడా తగ్గనివ్వరు. గొంతులో కోపం కూడా లేదు. ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

కమిటీకి ఆమే రాసింది. జవాబు పదకొండు రోజులకు వచ్చింది. గుంట మళ్లీ తెరవరు. తెరిచినా ఏడుగురిని ఒకే గుడ్డలో చుట్టారు కాబట్టి ఎవరివి ఎవరివో విడదీయడం కుదరదు. బిలాల్ పక్కన ఉన్నావిడను కదల్చడం మంచిది కాదు, ఒకసారి కదల్చడమే ఎక్కువ. వంశవృక్షం బోర్డు మీద పేరు మాత్రం అలాగే ఉంచుతారు.

మార్చి 30న, వాళ్ల పండగనాడు, ఆమె ఫోను చేసి ఈ జవాబు చదివి వినిపించింది.

"తాతయ్య పక్కనున్నావిడకి కూడా ఎవరో ఒకరు చదవాలిగా, మాచిక్. ఆవిడకి ఎవరున్నారు. పిల్లలకి అలాగే చెప్పాను, ఇద్దరికీ కలిపి చదవమని."

"పిల్లలేమన్నారు?"

"పెద్దది అడిగింది, మరి ఆ ఆంటీ ఎందుకలా చెప్పింది అని."

"నువ్వేమన్నావు?"

"కాగితం చూసి చెప్పిందన్నాను."

ఆ తర్వాత ఏప్రిల్ 20న ఒకసారి చేసింది. పనెక్కువగా ఉందంది. జూన్ 1న చేసినప్పుడు వాతావరణం గురించి ఆరు నిమిషాలు మాట్లాడింది, మసీదు ఊసెత్తలేదు. జూన్ 22న, జులై 13న నేను చేశాను. మెసేజ్ పెట్టమంది యంత్రం. మొదటిసారి పెట్టాను. రెండోసారి ఏం చెప్పాలో తోచక, తేదీ, టైము చెప్పి పెట్టేశాను.

ఏలూరు ఆవిడ తాను చెప్పినట్టే జరిగిందని ఒక్కసారీ అనలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాలుగింటికి మా ఫ్లాటుకు వచ్చి టీ పెడుతోంది ఇప్పుడు. తాగి, ఐదింటికి వెళ్లిపోతుంది.

ఇది 2025 నవంబరు 9, ఆదివారం నాడు రాస్తున్నాను. పోయినవి ఇవి. నది వైపు వరసలో మూడో సమాధి ఒకటి, దాని పలక రాళ్లు రెండు. భర్త పక్కన మా మేనత్తకు ఉండవలసిన చోటు. ఏడో సమాధి ఆవిడకు నిజంగా తనవాళ్లు ఎక్కడైనా ఉంటే, వాళ్లు వచ్చి వెతికినా దొరకని ఆవిడ గుర్తు. తల్లి చెప్పిన మాట మీద ఒక కూతురికి ఉన్న నమ్మకం, నా ఉత్తరం వెళ్లిన డిసెంబరు 9 నుంచి మార్చి 16 దాకా, మూడు నెలల ఏడు రోజులు. అది తిరిగి వచ్చింది. మిగతావి రాలేదు. ఆదివారం ఫోన్లు మార్చి 16 దాకా ఒక్కటీ తప్పకుండా పద్నాలుగు, ఆ తర్వాత మూడు, మొత్తం పదిహేడు. జూన్ 1 తర్వాత ఈరోజుతో కలిపి ఇరవై మూడు ఆదివారాలు. ఫోన్లు సున్నా.